డీరెగ్యులేషన్: మాట, అర్థం, మన బాధ్యత

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఏటా ఈ సభలో జకాత్ గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడుకుంటాం. ఈ ఏడు ఒక ఇంగ్లీషు మాట గురించి మాట్లాడాలని కార్యవర్గం అనుకుంది. ఎందుకో ముందే చెబుతాం. పోయిన రంజాన్‌లో దాతలతో కలిసి ఇఫ్తార్‌కు కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన మమ్మల్ని సూటిగా అడిగారు: "ప్రభుత్వాలే డీరెగ్యులేషన్ అంటూ నిబంధనలు ఎత్తేస్తున్నాయి. ఖర్జె హసనా కోసం మన గడప తొక్కిన ఆడమనిషిని మీరు మాత్రం సవాలక్ష ప్రశ్నలు అడుగుతారెందుకు?" ఆయన మాట పూర్తికాకముందే పక్కనున్న ఇంకొక దాత అందుకున్నారు: "నిబంధనలు ఎత్తేసే కదండీ వీళ్లు మొన్న దెబ్బ తిన్నది!"

ఇద్దరూ మన మేలు కోరేవారే. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయినా ఆ రాత్రి మేము ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఏమిటంటే, ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోవడం వల్లే మేమూ పొరబడ్డాం. ఆ పొరపాటు సంగతి చివర్లో దాచకుండా చెబుతాం. ముందు మాట అర్థం చూద్దాం.

మాట ఎక్కడిది?

రెగ్యులేషన్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని రెగ్యులా. అంటే నిటారుగా ఉండే కర్ర, గీత సరిగా గీయడానికి పెట్టుకునే బద్ద. వడ్రంగికి బద్ద ఎలాగో సమాజానికి నియమం అలాగన్నమాట. దాని ముందు 'డీ' చేరితే ఆ నియమాన్ని తీసేయడం. మన పత్రికలు దీన్ని నియంత్రణల ఎత్తివేత అంటాయి, నియంత్రణల సడలింపు అంటాయి. ఎత్తివేత అంటే పూర్తిగా తీసేయడం, సడలింపు అంటే బిగువు తగ్గించడం. ఈ రెండూ ఒకటి కాకపోయినా ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం.

దీని చుట్టూ మరో రెండు మాటలు తిరుగుతుంటాయి. ప్రభుత్వం తన చేతిలోని సంస్థను అమ్మితే అది ప్రైవేటీకరణ. బయటివారు రావడానికి తలుపులు తెరిస్తే అది సరళీకరణ. డీరెగ్యులేషన్ ఈ రెండూ కాదు. యజమాని మారకపోవచ్చు, కొత్తవాడు రాకపోవచ్చు. ఉన్నవాడు ఏం చేయాలో, ఎంతకు అమ్మాలో చెప్పే నిబంధన పోవడమే డీరెగ్యులేషన్.

అయితే నిబంధనలు రెండు రకాలు. ఎంతకు అమ్మాలి, ఎంతమందికి అనుమతి ఇవ్వాలి అని చెప్పేవి ఒక రకం. తూకం సరిగా వెయ్యి, సరుకులో లోపం దాచకు, మోసం చేయకు, బలవంతం చేయకు అని చెప్పేవి రెండో రకం. మొదటిది ధర మీద పట్టు, రెండోది నడత మీద కన్ను. మొదటిది వదిలేయడం కొన్నిసార్లు మేలు చేస్తుంది. రెండోది వదిలేసి బాగుపడిన బజారు మాత్రం మాకు కనబడలేదు. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

ఒకే దేశం, రెండు అనుభవాలు

ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది అమెరికాలో. అక్కడ విమానం ఏ దారిలో తిరగాలో, టికెట్ ఎంత ఉండాలో చెప్పడానికి సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అని ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. 1978లో చట్టం చేసి ఆ అధికారాలను ఒక్కొక్కటే తీసేశారు. 1985 మొదలయ్యేసరికి ఆ బోర్డునే మూసేశారు. పోటీ పెరిగింది, మొత్తం మీద టికెట్ల ధరలు తగ్గాయి, మామూలు జనం విమానం ఎక్కగలిగారు. నష్టాలూ లేకపోలేదు. కొన్ని పాత కంపెనీలు మునిగిపోయాయి, కొన్ని చిన్న ఊళ్లకు సర్వీసులు తగ్గాయి. కానీ ఒక్క విషయం గమనించండి. విమానం ఎగరడానికి పనికొస్తుందా, పైలట్‌కు శిక్షణ ఉందా అని చూసే భద్రతా సంస్థ వేరే ఉండేది. దాని జోలికి ఎవరూ పోలేదు. ధర మీద పట్టు పోయింది, భద్రత మీద కన్ను అలాగే ఉంది.

అదే దేశంలో, ఇంచుమించు అదే కాలంలో ఇంకొకటి జరిగింది. ఇళ్లు కొనుక్కునేవారికి అప్పులిచ్చే పొదుపు సంస్థలు అక్కడ ఊరూరా ఉండేవి. 1980లో, 1982లో చేసిన చట్టాలతో వాటి చేతులకున్న కట్లు విప్పారు. డిపాజిట్ల మీద ఎంతైనా వడ్డీ ఇవ్వొచ్చు, ఇంతకుముందు వెళ్లని రంగాలకు కూడా అప్పులివ్వొచ్చు అన్నారు. సరిగ్గా ఆ సమయంలోనే వాటి లెక్కలు తనిఖీ చేసే సిబ్బందినీ తగ్గించారు. స్వేచ్ఛ పెరిగినప్పుడు కన్ను మరింత పదును కావాలి. అక్కడ తిరగబడి జరిగింది. 1986 నుంచి 1995 లోపల వెయ్యికి పైగా సంస్థలు కూలిపోయాయి. పన్ను కట్టే ప్రజల మీద పడ్డ భారం దాదాపు 124 బిలియన్ డాలర్లు. పట్టు, కన్ను రెండూ ఒకేసారి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

మదీనా బజారు

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ధరలు కట్టడి చేయమని ప్రజలు ఆయన్ను వేడుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలోనివని, ఎవరి ధనం విషయంలోనూ అన్యాయం చేశాననే ఫిర్యాదు తన మీద లేకుండా అల్లాహ్‌ను కలుసుకోవాలని తన కోరిక అని ఆయన అన్నట్టు హదీసుల్లో ఉంది. అమ్మేవాడికీ హక్కు ఉంటుంది, కరువు వల్ల పెరిగిన ధరకు వాణ్ణి దండించడం న్యాయం కాదు అని దీని నుంచి పండితులు గ్రహించారు.

ఇంతవరకే చదివి, ఇస్లాం బజారును దాని మానాన వదిలేయమంది అనుకునేవారున్నారు. అదే ప్రవక్త (స) మరోసారి బజారులో ధాన్యం రాశి దగ్గర ఆగారు. రాశిలోకి చేయి పోనిచ్చారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. ఏమిటిది అని అడిగితే, వాన పడిందని వర్తకుడు చెప్పాడు. మరి ఆ తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవాడు మనవాడు కాడని తేల్చి చెప్పారు. ధర చెప్పడానికి ఒప్పుకోని ఆ చేయే రాశిలోకి వెళ్లి తడిని పట్టుకుంది.

ఇంకా చూడండి. ధర పెరగాలని నిత్యావసర సరుకు దాచిపెట్టడాన్ని ఆయన ఖండించారు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి వేలం పాట పాడటాన్ని నిషేధించారు. ఊరి బయటే బిడారులకు ఎదురెళ్లి, బజారు ధర తెలియని పల్లెవాసి దగ్గర సరుకు కొనేయడాన్ని వారించారు. ఈ చివరిదాని వెనకున్న ధర్మం ఏమిటి? ఒకరికి అన్నీ తెలిసి, ఇంకొకరికి ఏమీ తెలియనప్పుడు ఇద్దరూ ఒప్పుకున్నా ఆ ఒప్పందం సమానమైంది కాదు. కాసేపట్లో మనం అప్పు కాగితాల గురించి మాట్లాడుకుంటాం. అప్పుడు ఈ పల్లెవాసిని గుర్తు తెచ్చుకోండి.

తర్వాతి కాలంలో ముస్లిం నగరాల్లో బజారు నడతను చూసే అధికారిని ముహ్తసిబ్ అన్నారు, ఆ వ్యవస్థను హిస్బా అన్నారు. 1328లో మరణించిన ఇమామ్ ఇబ్నె తైమియా హిస్బా మీద రాసిన గ్రంథంలో ఈ విషయాన్ని ఇంకా విడమరిచారు. సరుకు కొరత వల్లో, కొనేవారు పెరగడం వల్లో ధర పెరిగితే దాన్ని బలవంతంగా తగ్గించడం అన్యాయం. జనానికి అవసరమైన సరుకు ఉండి కూడా అమ్మకుండా బిగబట్టి ధర పెంచితే, న్యాయమైన ధరకు అమ్మించడం అధికారి బాధ్యత. ఎప్పుడు వదలాలి, ఎప్పుడు పట్టుకోవాలి అన్నది ఆయన ఏడు వందల ఏళ్ల కిందటే చర్చించారు.

మన దేశంలో

మన దేశంలో ఈ గాలి గట్టిగా వీచింది 1991లో. ఆ ఏడాది జులైలో ప్రకటించిన కొత్త పారిశ్రామిక విధానంతో కొన్ని పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు అవసరం పోయింది. అంతకుముందు ఏ సరుకు ఎంత తయారు చేయాలో కూడా ఢిల్లీ అనుమతి కావాలి. స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు ఈ సభలోని పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆ కట్టు విప్పడం వల్ల మన కుర్రాళ్లు ఎందరో సొంత షెడ్లు, చిన్న యూనిట్లు పెట్టుకున్నారు. దాన్ని కాదనలేం.

2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిల్ ధరను ప్రభుత్వ నిర్ణయం నుంచి తప్పించారు. 2017 జూన్ నుంచి ధర రోజూ మారేలా చేశారు. మన ఆటో సోదరులకు ఈ మాట అర్థం నిఘంటువు చూడకుండానే తెలుసు. పొద్దున బంకు దగ్గర బోర్డు చూస్తే తెలిసిపోతుంది. కానీ ఇక్కడా ఒకటి గమనించాలి. ధర స్వేచ్ఛ వచ్చింది గానీ, బంకులో లీటరుకు లీటరు పడుతుందా అని చూసే తూనికలు, కొలతల శాఖ పోలేదు. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు కొనేవారికి ఉంది. ధర పోయినా కొలత పోలేదు.

అప్పు కాగితం

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. మన సొసైటీకి వచ్చే అర్జీల్లో ఆసుపత్రి ఖర్చుల తర్వాత ఎక్కువగా కనబడేది అప్పుల బాధ. అందులోనూ గ్రూపు లోన్లు, ఫైనాన్సు లోన్లు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో మైక్రోఫైనాన్స్‌కు అతి పెద్ద కేంద్రం. ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు పోటీపడి అప్పులిచ్చాయి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. సంస్థలు జిల్లాలో నమోదు కావాలి, వాయిదాలు నెలకొకసారే, వసూలు బహిరంగ స్థలంలోనే, వడ్డీ మొత్తం అసలును మించరాదు అన్నది. దాంతో రాష్ట్రంలో వసూళ్లు దాదాపు ఆగిపోయి, కొత్త అప్పులూ ఆగాయి. వేధింపు తగ్గింది. కానీ అవసరం తగ్గలేదు కనుక చాలామంది మళ్లీ వీధి వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్లారు. అంటే పట్టు మరీ బిగిసినా పేదవాడికే చేటు.

రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ వేసి, 2011లో మైక్రోఫైనాన్స్ సంస్థల వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది, తర్వాత లెక్కగట్టే పద్ధతి మార్చింది. 2022 మార్చిలో ఇచ్చిన కొత్త ఆదేశాలతో ఆ పరిమితినే తీసేసింది. ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. వడ్డీ ఎంత వేయాలో సంస్థ బోర్డే నిర్ణయించుకోవచ్చు. ఇది అచ్చమైన డీరెగ్యులేషన్. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు పాత రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు కూడా చెప్పింది.

మరి అన్నీ పోయాయా? పోలేదు. మన సోదరీమణులకు తెలియవలసింది ఇదే. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి మైక్రోఫైనాన్స్ అప్పు ఇస్తే తాకట్టు అడగకూడదు. ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఎంతవుతుందో ఒక సరళమైన పత్రంలో రాసి ఇవ్వాలి. ఆ పత్రంలో లేని రుసుము వసూలు చేయకూడదు. లోన్ కార్డు అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇన్సూరెన్సు వంటివి ఒప్పుకోకుండా అంటగట్టకూడదు. వసూలు కోసం పొద్దున 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత ఫోన్లు చేయకూడదు. బూతులు, బెదిరింపులు కూడదు. పైగా మితిమీరిన వడ్డీ వేయరాదన్న మాట అలాగే ఉంది. 2024 అక్టోబరులో నాలుగు బ్యాంకింగేతర సంస్థలను వారి వడ్డీల తీరు చూసి కొత్త అప్పులు ఇవ్వకుండా రిజర్వు బ్యాంకు ఆపింది. అందులో రెండు మైక్రోఫైనాన్స్ సంస్థలే. పరిమితి పోయినా కన్ను మిగిలిందనడానికి అది గుర్తు.

అయితే ఆ కన్ను ఢిల్లీలోనో ముంబయిలోనో ఉంటే మన పేటలో ఎవరు చూస్తారు? కాగితం మీదున్న హక్కు తెలియని మనిషికి ఉన్నా లేనట్టే. "రూపాయి వడ్డీయే అమ్మా" అని ఏజెంటు చెబుతాడు. నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం కదా అని మన చెల్లెలు సంతకం పెడుతుంది. ఉదాహరణకు 40,000 రూపాయలు తీసుకుందనుకోండి. ఏడాది వడ్డీ 4,800 కలిపి 44,800. పన్నెండు వాయిదాలు, నెలకు 3,733 రూపాయలు. కానీ ఆమె ప్రతి నెలా అసలు కొంత తీర్చేస్తోంది కదా! ఆర్నెల్లకు సగం అసలు తిరిగి వెళ్లిపోయింది. అయినా వడ్డీ మొత్తం 40,000 మీదే పడుతోంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే అది 12 కాదు, 21 శాతం పైచిలుకు. మొదట్లోనే ఖర్చుల కింద 1,200 పట్టుకుని 38,800 చేతిలో పెడితే 27 శాతం దాటుతుంది. బిడారు దగ్గర ధర తెలియక సరుకు ఇచ్చేసిన పల్లెవాసి గుర్తొచ్చాడా?

కొందరు దాతలు అడగొచ్చు, వడ్డీ అంతా హరామే కదా, 12 అయితే ఏమిటి, 27 అయితే ఏమిటి అని. నిజమే, మన ధర్మంలో రెండూ నిషిద్ధమే. కానీ ఆ ఊబిలో ఇప్పటికే దిగినవారు మన గడప దగ్గర నిలబడ్డారు. వారిని బయటికి లాగాలంటే ముందు ఊబి లోతు కొలవాలి. అప్పులో ఇరుక్కున్నవాడికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని దివ్య ఖుర్ఆన్ బోధిస్తుంది. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఒకరు. వడ్డీ తప్పని చెప్పి ఊరుకుంటే మన బాధ్యత తీరదు.

మా పొరపాటు

ఇప్పుడు మాటిచ్చిన సంగతి. మన ఖర్జె హసనా నిధికి మొదటినుంచీ రెండు నిబంధనలు ఉండేవి. ఒకటి, అప్పు కోరేవారు ఇద్దరు జామీనుదారులను తేవాలి. రెండు, మన కార్యకర్తలు వారి ఇంటికి వెళ్లి విచారించాలి. జామీను నిబంధన వల్ల ఎవరూ లేని వితంతువులు, ఊరికి కొత్తగా వచ్చిన కూలీలు వెనక్కి వెళ్లిపోతున్నారని మాకు తెలుసు. జామీను దొరికేవాడికి ఎలాగూ ఇంకో దారి దొరుకుతుంది, దొరకనివాడికే మన అవసరం. ఇది చాలాకాలంగా మమ్మల్ని బాధించింది.

అందుకని నిరుడు కార్యవర్గం సమావేశమై చిన్న అప్పులకు 'నిబంధనల సడలింపు' అని తీర్మానం రాసింది. మంచి ఉద్దేశమే. కానీ ఆ ఒక్క మాట కింద జామీనుతో పాటు ఇంటి విచారణను కూడా తీసేశాం. కార్యకర్తలు తక్కువగా ఉన్నారు, పని తేలికవుతుంది అనుకున్నాం. మొదటి నెలల్లో అర్జీలు త్వరగా పరిష్కారమయ్యాయి, దాతలూ మెచ్చుకున్నారు. తర్వాత వాయిదాలు ఆగాయి. ఆరా తీస్తే తెలిసింది, ఒక వ్యక్తి తన పేటలోని కొందరు ఆడవాళ్ల ఆధార్ కార్డులు తీసుకుని వారి పేర్లతో అర్జీలు పెట్టి, డబ్బు తన వ్యాపారంలో పెట్టుకున్నాడు. వాళ్ల చేతికి ఇచ్చింది తలా కొంచెం. అందులో ఒక అక్క మాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది: "మీరు ఒక్కసారి మా ఇంటికి వచ్చుంటే చెప్పేదాన్ని కదయ్యా."

రాశిలో చేయి పెట్టి చూడలేదు మేము. పైనున్న పొడి గింజలు చూసి తూకం వేశాం. డబ్బులో చాలా భాగం పేట పెద్దల సాయంతో తిరిగి వచ్చింది, కొంత ఇంకా రావాలి. ఆ లెక్క ఈ సంచికలోని ఆదాయ వ్యయ పట్టికలో విడిగా చూపాం. అది దాతల సొమ్ము, అమానత్. పొరపాటు మాది, ఆ అక్కచెల్లెళ్లది కాదు. అందుకే వారి పేర్ల మీదున్న బాకీ కొట్టేశాం.

ఇది జరిగాక కొందరు సభ్యులు జామీను మళ్లీ పెట్టాలన్నారు. చాలాసేపు వాదన జరిగింది. చివరికి మేము తేల్చుకున్నది ఇది: తీసేయాల్సింది తీశాం, తీయకూడనిదీ తీశాం. జామీను తిరిగి రాదు. ఇంటి విచారణ తిరిగి వచ్చింది. ఇకమీదట సడలింపు అని ఏ తీర్మానం రాసినా ఏది పోతోంది, ఏది ఉంటోంది అని రెండు వరుసల్లో రాయాలని కూడా నిర్ణయించాం. ఇప్పుడు అర్జీ తేలడానికి కొన్ని రోజులు ఎక్కువ పడుతోంది. ఆలస్యమవుతోందని కోపం వచ్చినవారు మమ్మల్ని మన్నించాలి.

ఇఫ్తార్ నాడు అడిగిన పెద్దాయనకు ఇదే మా జవాబు. అయ్యా, మీరు చెప్పినట్టే జామీను తీసేశాం. రెండో దాతకూ జవాబు ఇదే. మేము దెబ్బ తిన్నది జామీను తీసేసినందుకు కాదు, ఇంటికి వెళ్లడం మానేసినందుకు.

దాతలకు మనవి

ఇక మీతో మాకున్న పని. ఈ ఏడు మీ నుంచి డబ్బుతో పాటు మరొకటి కోరుతున్నాం. మీలో బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు, దుకాణాల లెక్కలు చూసేవారు ఉన్నారు, వకీళ్లు ఉన్నారు, డిగ్రీ చదువుతున్న మీ పిల్లలున్నారు. ప్రతి ఆదివారం రెండు గంటలు మన ఆఫీసులో కూర్చుని, వచ్చినవారి లోన్ కార్డు చదివి తెలుగులోనో ఉర్దూలోనో వివరించి చెప్పేవారు కావాలి. అసలెంత, వడ్డీ నిజంగా ఎంత, పత్రంలో లేని రుసుము ఏదైనా పట్టుకున్నారా, వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటుతున్నాయా, ఇవి చూస్తే చాలు. తప్పు కనబడితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ సంస్థ రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలోనిదైతే అక్కడికి పంపవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదు కాని వీధి వడ్డీల మీద ఈ దారి పనిచేయదు. అక్కడ మన నిధే దారి.

జకాత్ ఇచ్చేవారికి ఇంకొక విన్నపం. రుణగ్రస్తుల కోసమని విడిగా చెప్పి ఇవ్వండి. దాన్ని వేరే ఖాతాలో ఉంచి, విచారణ జరిగాక, మన ఉలమా సలహా తీసుకుని, అసలు బాకీ తీర్చడానికి ఖర్చు చేస్తాం. గడువుకు ముందే తీర్చితే జరిమానా లేదని ఇందాక చెప్పుకున్నాం. అంటే మీరిచ్చే ప్రతి రూపాయి రేపటి వడ్డీని ఈరోజే ఆపుతుంది.

ప్రభుత్వాలు పట్టు వదలొచ్చు, బిగించొచ్చు. అది మన చేతిలో లేదు. ఒక ప్రభుత్వం పరిమితి పెడితే సంతోషించి, ఇంకొకటి తీసేస్తే తిట్టుకుని కూర్చుంటే మన పేట అక్కచెల్లెళ్లకు ఒరిగేదేమీ లేదు. ఆ నిబంధన చేసే పనిలో కొంత మనం చేయగలం. పక్కన కూర్చుని కాగితం చదివి పెట్టగలం. ఇంటికి వెళ్లి క్షేమం అడగగలం. రాశిలో చేయి పెట్టి చూడగలం.

మన తూకాలు సరిచేసుకునే బుద్ధిని, అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. దాతల సంపాదనలో బర్కత్ కలుగుగాక. అప్పుల బాధలో ఉన్నవారికి విముక్తి దొరుకుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.